పాటకు బొమ్మ, బొమ్మకు గొంతు

మన పత్రికలలో కావ్యములకు, నవలలకు, కథాసంపుటములకు విమర్శలు విరివిగానే వచ్చుచున్నవి. పిల్లల పాటల పుస్తకము వచ్చినచో మాత్రము దాని గతి వేరు. ముద్రణ అందముగా నున్నది, బొమ్మలు ముచ్చటగా నున్నవి, పిల్లలందరు చదువదగినది అను మూడు వాక్యములతో సమీక్షకుడు చేతులు దులుపుకొనును. ఏ బొమ్మ ఏ పాదమునకు తోడు నిలిచినది, ఎక్కడ అడ్డు వచ్చినది, పుట త్రిప్పుచోట పాట తెగినదా సాగినదా, పెద్దవారు పైకి చదువునపుడు నాలుక తడబడుచున్నదా అను ప్రశ్నలు ఆ సమీక్షలో రావు. చిత్రకారుని పేరు సయితము పెక్కుసారులు కనబడదు. చిన్నపిల్లల పుస్తకము గనుక చిన్న విమర్శ చాలునను భావము దీనికి మూలము. ఆ భావము సరికాదనియు, పిల్లల పాటల పుస్తకమునకు కావ్యమునకు వలెనే నిశితమైన పరీక్ష అవసరమనియు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ పరీక్షకు తెలుగు నేల వెలుపలనున్న ఒక నివాసప్రాంతము మంచి తావు. నైరుతి ఢిల్లీలోని రామకృష్ణపురము, అందరి నోట ఆర్.కె. పురం, స్వాతంత్ర్యానంతరము కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు వెలసినది. అంకెలే పేర్లైన సెక్టర్లు, వరుసలు వరుసలుగా క్వార్టర్లు, వాటి నడుమ వేపచెట్లు. దేశమునందలి అన్ని భాషలవారు బదిలీలపై ఇక్కడకు వచ్చి, కొన్నేండ్లుండి పోవుదురు, కొందరు స్థిరపడుదురు. వారిలో తెలుగువారును కలరు. ఎదిగిన పిల్లలకు రాజధానిలో తెలుగు సంస్థలు లేకపోలేదు. దుర్గాబాయిగారి పూనికతో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ 1948లో ఏర్పడినది. తిరుమల తిరుపతి దేవస్థానము వారి శ్రీ వేంకటేశ్వర కళాశాల 1961లో వెలసి, నేడు ఆర్.కె. పురమునకు చేరువలోనే నడచుచున్నది. కాని ఒకటవ ఏటినుండి అయిదవ ఏటివరకు గల శిశువునకు ఏ సొసైటీయు, ఏ కళాశాలయు దిక్కు కాజాలదు. వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగునకు మిగిలినది క్వార్టరు తలుపు లోపలి రెండు గదులు మాత్రమే.

తెలుగు పల్లెలో పాటకు పుస్తకముతో పని లేకుండెను. అమ్మమ్మ ఒడి, పొరుగింటి అక్క అరచేయి, వీధిలో చేతులు కలిపి తిరుగు ఆడపిల్లల ఆట, ఇవియే పాటను మోసినవి. అచ్చు పుస్తకము వచ్చినను అది రెండవ స్థానముననే నిలిచినది. ఆర్.కె. పురములో ఈ వరుస తలక్రిందులైనది. తల్లికి పాటలో రెండు పాదములు జ్ఞాపకమున్నవి, తక్కినది కూనిరాగము. తండ్రికి రాగము తెలియును గాని మాటలు తెలియవు. అమ్మమ్మ ఏటికి ఒకసారి రైలు దిగి, నెల తిరుగకుండ మరల రైలెక్కును. అట్టి ఇంటిలో పాటల పుస్తకము అలంకారము కాదు. జ్ఞాపకము జారిపోయినచోట దానిని పట్టి నిలుపు ఊతకఱ్ఱ. పుస్తకము మంచిదైనచో ఆ ఇంట పాట బ్రతుకును. చెడ్డదైనచో ఆ రెండు పాదములును పోవును. కనుకనే ఇచ్చట విమర్శకుని మాటకు బరువున్నది.

నేడు వేరొక సౌకర్యము వచ్చినది గదా, పుస్తకమేలయని కొందరందురు. చేతిఫోను తెరపై బొమ్మలు కదలి ఆడుచు తెలుగు పాటలను తామే పాడుచున్నవి. శిశువు రెప్ప వేయక చూచుచున్నది. తల్లి వంటకు పోవుచున్నది. ఈ సౌకర్యమును నిందించుట నా ఉద్దేశము కాదు. దాని స్వభావమును గుర్తింపవలెను. తానే పాడు పాటకు పాడువారితో పని లేదు. తెర ఒక్క క్షణమైన ఆగదు. శిశువు వేలు పెట్టి అడుగుటకు తావీయదు. ఒక మాటను పట్టుకొని పదిసారులు పలుకుటకు వేచియుండదు. పుస్తకము మూగది. పెద్దవారు గొంతు విప్పనిదే దానిలోని పాట పాట కాదు. ఆ మూగతనమే దాని గొప్పతనము. అది ఇంటిలోని పెద్దవారిని పిలిచి, కూర్చుండబెట్టి, తెలుగు పలికించును. శిశువునకు భాష వచ్చునది పాటలోని మాటలవలన మాత్రమే కాదు. పాట ఆగినపుడు తల్లికి బిడ్డకు నడుమ నడచు మాటలవలన. ఇదేమి, ఇదెవరు, ఇది యెందుకు ఏడ్చుచున్నది అను ప్రశ్నలకు తల్లి తడుముకొనుచు చెప్పు తెలుగు సమాధానమే అసలు పాఠము.

కావున మంచి పుస్తకమునకు ఒక గుర్తు చెప్పవచ్చును. పాట పెద్దవారి నాలుకకు ఒప్పవలెను. బొమ్మ పిల్లవాని వేలికి పని కల్పింపవలెను. ఆ రెండింటి నడుమ మాటాడుకొనుటకు చోటు మిగులవలెను. ఈ మూడును గల పుస్తకములు మనకెన్ని ఉన్నవో చూతము.

పిల్లలను గూర్చిన కవిత్వమునకు తెలుగులో కొరతలేదు. పోతన బాలకృష్ణుని చేష్టలను వర్ణించిన తీరు పండితులకును పామరులకును పరవశము కలిగించినది. తాళ్ళపాక వారి కాలమునుండి జోలపాటలకు కావ్యగౌరవము కలదు. ఆధునికులలో శ్రీశ్రీ 'మహాప్రస్థానము'నందలి శైశవగీతి పిల్లలను ఉద్దేశించి పలికినదే. కాని ఇవి పిల్లలను చూచి పెద్దలు పొందిన ఆనందమును, ఆవేదనను పెద్దల కొరకు చెప్పినవి. పిల్లవాని చెవికొరకు, పిల్లవాని నోటికొరకు వ్రాయుట వేరొక శిల్పము. ఆ శిల్పమును పట్టించుకొన్నవారిలో గిడుగు వేంకట సీతాపతిగారిని మొదట చెప్పవలెను. 'చిలకమ్మ పెండ్లి' వంటి గేయములలో ఆయన ఉపదేశమును ప్రక్కకు నెట్టి ఆటకు పీట వేసినారు. చింతా దీక్షితులుగారు పిల్లల మాటతీరును చెవియొగ్గి విన్న రచయిత. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా, పాటను పుటనుండి గాలిలోనికి తెచ్చి ఇంటింటికి చేర్చినారు. వారు 1945లో ఆరంభించిన 'బాల' పత్రికలోనే బాపుగారి తొలి బొమ్మలు వెలువడినవి. పాట, గొంతు, గీత ఒకేచోట కలిసిన సందర్భము మన చరిత్రలో అది.

తరువాత 1947లో 'చందమామ' వచ్చినది. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యగార్ల కుంచెలు తెలుగు పిల్లలకు రూపలోకమును తెరచినవి. ఆ పత్రికకు మనము పడిన ఋణము తీరునది కాదు. అయితే ఒక సంగతి గమనింపదగును. మన చిత్రకళ పిల్లలకొరకు పండినది ప్రధానముగ కథ చుట్టును. కథకు బొమ్మ వేయువాడు ఒక సంఘటనను ఎన్నుకొనును: రాజు కత్తి దూసినాడు, రాక్షసుడు గుహనుండి వచ్చినాడు. ఆ క్షణమును పట్టినచో కథకు న్యాయము జరుగును. పాటలో అట్టి సంఘటన తరచుగ ఉండదు. పాటలో ఉన్నది నడక, మలుపు, తిరిగి వచ్చు పల్లవి, అర్థము లేని మాట ఇచ్చు సంతోషము. కథాచిత్రణపు అలవాటుతో పాటకు బొమ్మ వేసినచో పాటలో మొదట కనబడిన నామవాచకము బొమ్మగును. కాకి అను మాట ఉన్నచో కాకి, ఏనుగు అను మాట ఉన్నచో ఏనుగు. అది అక్షరమాల పటమునకు తగును గాని పాటకు తగదు. మన పాటల పుస్తకములలో పెక్కింటి జబ్బు ఇదియే.

పాటకు బొమ్మ ఏమి చేయగలదో తెలియుటకు ఇతరుల పుస్తకములను చూచుట తప్పుకాదు. ఇంగ్లండులో రాండల్ఫ్ కాల్డికాట్ 1882లో, పళ్లెము చెంచాతో కలిసి పారిపోయెనని చెప్పు ఒక చిన్న పాటకు బొమ్మలు వేసెను. పాట అంతటితో ముగియును. కాల్డికాట్ మాత్రము ఇంకొక పుట వేసెను. అందు పళ్లెము ముక్కలై పడియున్నది. చెంచాను కత్తియు, ముళ్లచెంచాయు, కోపించిన తలిదండ్రులవలె చెరియొక ప్రక్కను పట్టి ఇంటికి తీసికొనిపోవుచున్నవి. మాట లేదు. పాట నవ్వించి ఊరకున్నచోట బొమ్మ కొంచెము దుఃఖమును చేర్చినది. ఆ పుటవద్ద పిల్లవాడు ఆగును, ఏమైనదని అడుగును, పెద్దవారు చెప్పవలసియే వచ్చును. పాటలో ఉన్నదానిని తిరిగి చెప్పు బొమ్మ దాసి. పాటలో లేనిదానిని తెచ్చి పాటకు జోడించు బొమ్మ చెలికత్తె.

ఇంతదూరము పోనక్కరలేదు; బంగాళమున సుకుమార్ రాయ్ ఉన్నాడు. ఆయన 'ఆబోల్ తాబోల్' 1923లో, ఆయన మరణించిన కొద్ది దినములకే వెలువడినది. మాటలును ఆయనవే, బొమ్మలును ఆయనవే. బాతును, ముళ్లపందిని కలిపి ఆయన హాఁస్‌జారు అను జంతువును పుట్టించెను. రెండు పేర్లు ఒకదానిలో ఒకటి దూరి కొత్త మాట అయినట్లే, గీతలో రెండు శరీరములు ఒకదానిలో ఒకటి దూరి కొత్త జంతువైనది. మాట చేసిన పనినే గీతయు చేసినది. ఏది ముందో చెప్పరాదు. సంధి, సమాసములకు పుట్టినిల్లయిన తెలుగులో ఇట్టి ఆట మనకేల తోచలేదు? వ్యాకరణమును బడిపిల్లలకు భయముగా నేర్పినాము గాని ఆటవస్తువుగా ఇవ్వలేదు. రెండు మాటలు కలిసి మూడవ మాట యగునపుడు రెండు ప్రాణులు కలిసి మూడవ ప్రాణి యగునట్లు బొమ్మ వేయగల చిత్రకారుడు దొరకినచో, అయిదేండ్ల పిల్లవానికి సంధి చప్పట్లతో వచ్చును.

రంగులకు డబ్బు లేదు గనుక మంచి పుస్తకములు రావను మాట తరచు వినుచున్నాము. 1930లో వెలువడిన రవీంద్రుని 'సహజ్ పాఠ్'కు నందలాల్ బోసు లినోకట్ బొమ్మలు చేసెను. నలుపు తెలుపులు తప్ప రంగు లేదు. పాఠము సరళము, గీత సరళము. రెండింటికిని గౌరవము సమానము. తరతరముల వంగశిశువులు ఆ పుటలమీదుగా అక్షరములలోనికి నడచినారు. సౌందర్యము రంగుల సంఖ్యలో లేదు. కవి ప్రక్కన చిత్రకారుడు కూర్చున్నాడా లేదా అనుటలో ఉన్నది. మన ప్రచురణలలో కవి వ్రాతప్రతిని ఇచ్చును, ప్రకాశకుడు దానిని చిత్రకారునికి పంపును, అతడు గడువులోపల బొమ్మలు వేసి పంపును. ఇద్దరును ఒకరినొకరు చూడక పుస్తకము ముగియును. ఖర్చు తగ్గుట దీనికి కారణము కాదు. పాటను, బొమ్మను ఒకే రచనగా భావింపకపోవుటయే కారణము.

ఇచ్చట రాజధానిలోని ప్రచురణల ప్రసక్తి తప్పనిసరి. చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును కార్టూనిస్టు శంకర్ 1957లో స్థాపించినారు. నేషనల్ బుక్ ట్రస్టు కూడ 1957లోనే ఏర్పడినది. నేడు దాని భవనము ఆర్.కె. పురమునకు దగ్గరనున్న వసంత్ కుంజ్‌లో ఉన్నది. ఆ సంస్థ నెహ్రూ బాల పుస్తకాలయ శ్రేణిలో ఒకే పుస్తకమును పెక్కు భారతీయ భాషలలో ఇచ్చుచున్నది. ఇట్టి బహుభాషా ప్రచురణలో సాధారణమైన పద్ధతి యొకటి కలదు. రంగుల అచ్చు అన్ని భాషలకు ఒకేసారి పడును. అక్షరములు నల్లసిరాలో ఉండును గనుక నల్లరంగు ప్లేటు ఒక్కటి మార్చినచో హిందీ పుస్తకము తెలుగు పుస్తకమగును. చవకగా, చక్కగా, లక్షలమందికి చేరు మార్గమిది. కథలకు దీనివలన కలిగిన మేలు అపారము. మరొక భాషలో పుట్టిన కథ, మంచి అనువాదకుని చేతిలో, అదే బొమ్మల ప్రక్కన తెలుగులో సుఖముగా కూర్చుండును.

పాట అట్లు కూర్చుండదు. నాలుగు చిన్న పాదముల హిందీ పాటకు విడిచిన ఖాళీలో తెలుగు పాట ఇముడుటకు అనువాదకుడు మాటను కోసివేయవలెను, లేక సాగదీయవలెను. బొమ్మలో పిల్లి కుడిప్రక్క ఉన్నది గనుక మూడవ పాదములోనే పిల్లి రావలెను. పాట నడక పిల్లి నడకకు లోబడును. ఇంకొక చిక్కు అంత్యప్రాస. తెలుగు వాక్యము క్రియతో ముగియును. ప్రతి పాదమును క్రియతో ముగించినచో ప్రత్యయములు తమంతట తామే కలియును. వచ్చింది, తెచ్చింది, ఇచ్చింది అని వరుస పెట్టుటకు కవి అక్కరలేదు. ఇట్టి సులభమైన ప్రాస చెవిని రెండు పాదములలో అలయించును. మన జానపద బాలగేయములు ఈ దారి ఎక్కువగ తొక్కలేదు. అవి మాటను మాటపై రెట్టించి, ధ్వనిని ధ్వనితో గొలుసు కట్టి, చివరిమాటను తరువాతి పాదమునకు మొదటిమాటగ అందించి నడచినవి. రెండు భాషలను ఒకే పుటలో అచ్చువేయు పద్ధతి కూడ కొన్ని సంస్థలు చేపట్టినవి; చెన్నైలోని తూలిక వారు తెలుగు, ఇంగ్లీషుల జంట పుస్తకములు తెచ్చినారు. కథకు ఇది ఉపకారమే. పాటకు మాత్రము ఒక పుటలో రెండు లయలు ఇమడవు. పుస్తకము చేతబట్టిన తండ్రి తనకు అలవాటైన లయవైపు జారును, అది ఢిల్లీలో తరచు తెలుగు కాదు.

ఛందస్సు మాట వచ్చినది గనుక పుటను గూర్చియు చెప్పవలెను. అరచేతులు చరచుచు పాడు పాటకు నాలుగు మాత్రల నడక హాయి. ఉయ్యాల ఊపుచు పాడుదానికి మూడు మాత్రల నడక తరచు తగును. మూడును నాలుగును కలిసిన మిశ్రగతిలో గురజాడవారు 1910లో ముత్యాలసరమును తీర్చినారు. అది కథ చెప్పుటకు అనువైనది. ఏ నడకయైనను పుట త్రిప్పుటకు ఒక క్షణము పట్టును. ఆ క్షణము పాదము చివర పడినచో అది తాళములోని విరామమగును. పాదము నడుమ పడినచో పాట విరుగును. పల్లవి తిరిగి వచ్చుచోట పుట తిరిగినచో పిల్లవాడు పుట తిరుగక ముందే పల్లవిని అందుకొనును. చదువురాని పిల్లవానికి అది మొదటి పఠనము. ఇంత చిన్న సంగతిని కవి, చిత్రకారుడు, అచ్చుకూర్పరి కలిసి ఆలోచించిన తెలుగు పుస్తకములు అరుదు.

లిపిని గూర్చి మరియొక మాట. మన అక్షరమునకు పైన గుడి, సుడి. క్రింద వత్తు, కొమ్ము. పలకకు పిలకకు, పిలకకు పులకకు భేదమంతయు ఒక చిన్న గీతలో ఉన్నది. ఆకులు, అలలు, చినుకులు దట్టముగ వేసిన రంగుల బొమ్మపై అక్షరములు అచ్చువేసినచో ఆ గీత ఆకులలో కలిసిపోవును. ఆర్.కె. పురములోని తల్లి తెలుగు చదువుట మానివేసి పదునైదేండ్లు కావచ్చును. ఆమె ఒక్కచోట తడబడినచో పుస్తకము మూసి ఫోను తీయును. పంక్తికి పంక్తికి నడుమ వత్తులకు ఊపిరాడునంత ఎడము, అక్షరముల వెనుక నిర్మలమైన కాగితము, ఇవి ముద్రణాసౌకర్యములు కావు. ఆ తల్లి ధైర్యమునకు మెట్లు.

ఇంకను, తెలుగు మాట్లాడుట వచ్చి చదువుట రాని తలిదండ్రులు ఢిల్లీలో కలరు. ఇక్కడనే పుట్టి పెరిగిన రెండవ తరమువారు వారు. వారికొరకు పాటను నాగరిలిపిలోనో, రోమన్ లిపిలోనో అచ్చువేయవలెనా? వలదని భాషాభిమానులు, వలెనని అవసరము తెలిసినవారు వాదింతురు. నా అభిప్రాయమిది: బొమ్మ ఉన్న పుటలో తెలుగు అక్షరము ఒక్కటియే ఉండవలెను, పుస్తకము చివర రెండు పుటలలో పాటలన్నియు నాగరిలో ఇయ్యవలెను. తండ్రి ముందుగ ఆ పుటలు చూచి పాట నేర్చుకొనును. బిడ్డతో కూర్చున్నపుడు ఇద్దరి కన్నులును తెలుగు అక్షరముపై నిలుచును. కొన్నాళ్లకు తండ్రికి ఆ అక్షరములు పరిచితములగును. బిడ్డ పుస్తకము తండ్రికి ఓనమాలు నేర్పుట సిగ్గుపడవలసిన సంగతి కాదు.

ఇక వస్తువు. మన బాలగేయకర్తలలో పెక్కురకు ఒక బలహీనత కలదు. నాలుగవ పాదము చేరునప్పటికి నీతి చెప్పకుండ ఉండలేరు. చీమను చూపినచో శ్రమ, కోడిని చూపినచో తెల్లవారకముందే లేచుట, చెట్టును చూపినచో పరోపకారము. శతకములున్న భాషలో నీతికి కరవు లేదు. పిల్లవాడు పెద్దయిన తరువాత వేమన, సుమతులు వానిని విడువవు. మూడేండ్ల వయసులో వానికి కావలసినది మాటతో స్నేహము. మన భాషలో మెరయుటకు ఎన్ని మాటలున్నవో చూడుడు. తోమిన చెంబు తళతళలాడును, చుక్క మిలమిల మెరయును, బంగారము ధగధగలాడును. మూడును కాంతియే, మూడును వేరు. ఈ మూడింటిని మూడు పుటలలో మూడు తీరుల కాంతితో వేసిన చిత్రకారుడు, నిఘంటువు చేయలేని పని చేసినవాడగును. అనువాదమునకు లొంగని తెలుగు అచ్చముగ ఇట్టి చోట్ల ఉన్నది. నీతి ఏ భాషలోనైనను దొరకును. తళతళ తెలుగులోనే దొరకును.

ఏ లోకమును బొమ్మలో చూపవలెననునది కడపటి ప్రశ్న. మన పుస్తకములలో నేటికిని పూరిల్లు, బావి, రోలు, తాటిచెట్టు కనబడుచున్నవి. అవి ఉండవలసినవే, చూడని లోకమును చూపుట పుస్తకము ధర్మము. కాని అవి మాత్రమే ఉన్నచో, తెలుగు అనగా తాతగారి ఊరిలో ఉండు వస్తువు, తన ఇంటిలో లేనిది, అని ఢిల్లీ పిల్లవాడు అనుకొనును. వాని కిటికీ వెలుపల నున్న లోకమునకు తెలుగు పేర్లు లేవా? మే నెలలో ఢిల్లీ వీధులలో పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడు చెట్టును అక్కడివారు అమల్తాస్ అందురు. అది మన రేల. తెలుగు అడవులలో, గిరిజనుల పాటలలో పేరు మోసిన చెట్టే ఆ పిల్లవాడు ప్రతిదినము బడికి పోవు దారిలో ఉన్నది. దాని తెలుగు పేరు చెప్పు పాట మాత్రము వాని చేతిలో లేదు. రాజధాని రిడ్జి అడవులలో నెమళ్లు కూయుచున్నవి. వేసవిలో కోయిల పలుకుచున్నది. బాల్కనీపై పావురములు గునగున నడచుచున్నవి. చలికాలపు మంచు, వేయించిన వేరుసెనగ, మెట్రోరైలు, వీటికి తెలుగు పాటలు వ్రాయుటకు రచయితకు అడ్డేమున్నది?

వాన సంగతియే చూతము. బడిలో చేరిన మొదటి మాసముననే పిల్లవాడు వానను పొమ్మను ఇంగ్లీషు పాట నేర్చును. అది చలిదేశపు ముసురులో పుట్టినది. అక్కడ అది సహజము. మన పల్లెలలో వానలు వెనుకబడినపుడు పిల్లలు రోకలికి కప్పను కట్టి, కప్పతల్లియని పాడుచు ఇంటింటికి పోవుదురు; ఇల్లాండ్రు ఆ కప్పపై కడవలతో నీరు పోయుదురు. వానను పిలుచు పాట మనది. జూన్ మాసమున లూ గాలికి మాడి, మొదటి చినుకుకొరకు కన్నులు కాయలుకాచు ఆర్.కె. పురపు పిల్లవానికి ఈ రెండింటిలో ఏది సొంతమో చెప్పనక్కరలేదు. క్వార్టర్ల మేడపై నిలిచి ఆకాశము చూచు పిల్లలను, వారి చేతిలోని చిన్న చెంబును, మూలనుండి తొంగిచూచు ఒక కప్పను వేసినచో, పల్లెయు రాజధానియు ఒకే పుటలో కలియును. పాత పాటకు కొత్త ఊరు దొరకును.

అట్లే, ఢిల్లీలోని తెలుగు ఇండ్లు ఒక సీమవి కావు. శ్రీకాకుళము ప్రక్కన కరీంనగరము, దాని ప్రక్కన అనంతపురము ఒకే మెట్లపై కాపురమున్నవి. మన సంకలనములు ఇంతవరకు ఎక్కువగ ఒక ప్రాంతపు పలుకుబడినే ప్రామాణికమని తలచినవి. బతుకమ్మ చుట్టు చప్పట్లు చరచిన తల్లి తన పాటను, గొబ్బిళ్ల చుట్టు తిరిగిన తల్లి తన పాటను ఒకే పుస్తకములో చూచుకొనగలిగినపుడే అది తెలుగు పుస్తకము. చిత్రకారుడును ఈ భేదమును ఎరుగవలెను. తంగేడు పూవును, గుమ్మడి పూవును ఒకే పసుపురంగుతో తుడిచివేయరాదు.

ఈ విషయములలో సాహిత్యసంస్థల బాధ్యతయు కలదు. సాహిత్య అకాదెమీ 2010నుండి బాలసాహిత్య పురస్కారమును ఇచ్చుచున్నది. తెలుగులో రెడ్డి రాఘవయ్యగారి 'చిరుదివ్వెలు' 2012లోను, ఆలపర్తి వెంకట సుబ్బారావుగారి 'స్వర్ణపుష్పాలు' 2016లోను, పత్తిపాక మోహన్‌గారి 'బాలల తాతా బాపూజీ' 2022లోను పురస్కారము పొందినవి. కథలతో సమానముగ గేయమునకు గౌరవము దక్కుట సంతోషింపదగినది. అయితే పురస్కారము రచయితది. చిత్రకారునికి అందులో పాలు లేదు. అమెరికాలో గ్రంథాలయసంఘమువారు 1938నుండి ప్రతి సంవత్సరము ఒక బొమ్మల పుస్తకపు చిత్రకారునికి పతకమిచ్చుచున్నారు. దానికి పెట్టిన పేరు పైన చెప్పిన కాల్డికాట్‌దే. బాపు, వడ్డాది పాపయ్యలను కన్న భాషలో చిత్రకారుని సహకర్తగా గుర్తింపకపోవుట వింత.

పురస్కారములు మారుటకు కాలము పట్టును. మన సమీక్షలు మారుటకు కాలము పట్టనక్కరలేదు. ఇకమీదట పిల్లల పాటల పుస్తకము సమీక్షకు వచ్చినపుడు సమీక్షకుడు దానిని బల్లపై పెట్టుకొని ఒంటరిగ చదువరాదు. ఒక శిశువును ఒడిలో కూర్చుండబెట్టుకొని పైకి చదువవలెను. తన నాలుక ఎక్కడ తట్టుకొన్నదో, శిశువు వేలు ఎక్కడ ఆగినదో, ఏ పుటవద్ద మళ్ళీ చదువుమన్నదో, ఏ పుటను చూడక త్రిప్పివేసినదో వ్రాయవలెను. చిత్రకారుని పేరును కవి పేరు ప్రక్కన నిలుపవలెను. పిల్లలు మరల మరల అదే పాట అడుగుదురు. నలుబదిసారులు చదివినను విసుగు పుట్టనిదానిని మంచి పుస్తకమనవలెను. ఈ పరీక్షలో నెగ్గిన పుస్తకములు మొదట పదియైనను లెక్కకు వచ్చినచో, ఆర్.కె. పురములోనే కాదు, ముంబయి, బెంగుళూరు, చెన్నై నగరములలోను, ఇంగ్లీషు బడులు నిండిన హైదరాబాదు, విజయవాడలలోను తలుపు లోపలి తెలుగునకు పనికివచ్చును. ఎందుకన, ఆర్.కె. పురపు ఇంటిలో మొదట కనబడిన కొరత నేడు తెలుగునేలమీది ఇండ్లలోను కనబడుచున్నది.